రాయిలా ఉంటానని ఒట్టు

సూది పోయిందని సూదక్క డేరా అంతా గాలించి, చివరికి అది దొరికిన చోటు చూసి నోట మాట రాక కూలబడిందని కిందటి వారం చెప్పుకున్నాం. దొరికింది ఇంకెక్కడో కాదు, మొగుడి మడమలో. సగానికి విరిగి లోపలే ఉండిపోయింది. గుడ్డబూటు అడుగున నెత్తురు గడ్డకట్టింది. ఆ కాలితోనే ఆయన పొద్దుటి నుంచీ తిరిగాడు, భోంచేశాడు, ఆట ఆడాడు. పైగా "అరె, నాకేం తెలియలేదే!" అని నవ్వాడు కూడాను. సూది గుచ్చుకున్నందుకు కాదు, ఆ నవ్వుకి సూదక్క గుండె జారిపోయింది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం ఒక్క ముక్క. ఈ సర్కస్ కంపెనీలో ఆయన గెడమాస్టరు. తాటిచెట్టంత ఇనుప గెడని భుజం మీద నిలబెడతాడు. కూతురు పిట్ట దాని కొసకి ఎక్కి చేతులు చాపి పడుకుంటుంది. ఆయన ఆ గెడతో రింగంతా నడుస్తాడు. నడిచే గెడ కింద వల కట్టడం కుదరదు కాబట్టి పిట్టకి ఉన్న వల తండ్రి పాదాలే. పిట్ట పెద్దదయ్యే దాకా ఆ కొసన ఉన్నది సూదక్కే. ఇప్పుడావిడ కంపెనీ వాళ్ళందరికీ బట్టలు కుడుతుంది, అవసరమైతే తిట్లూ కుడుతుంది.

తెల్లారగానే "పద, కాలు చూపించుకుందాం" అంది.

"సూది ముక్కకి డాక్టరెందుకే? నువ్వే లాగెయ్. కుట్లు విప్పడం నీకు అలవాటేగా!" అన్నాడు.

ఆయన దగ్గర జోకులకెప్పుడూ కరువు లేదు. భయం వేసినప్పుడు మరీ ఎక్కువ పుట్టుకొస్తాయి. పెళ్ళయిన కొత్తల్లోనే ఆ గుట్టు కనిపెట్టింది కాబట్టి సూదక్క నవ్వలేదు. చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

డాక్టరమ్మ సూది ముక్క తీసింది, లోపలంతా కడిగింది, కట్టు కట్టింది. ఇంకొకరైతే వాళ్ళ కేకలకి వీధిలో జనం పోగయ్యేవాళ్ళు. గెడమాస్టరు మాత్రం పక్కవాడి కాలికి జరుగుతున్న వైద్యం చూస్తున్నట్టు తీరిగ్గా కూర్చుని, గోడ మీద క్యాలెండరు బొమ్మ బాగుందన్నాడు. డాక్టరమ్మకి అది నచ్చలేదు.

"నొప్పి లేదా?"

"పనిచేసే కాళ్ళు కదండీ, మొద్దుబారాయి."

"షుగరుందా?"

"ఉందండీ. ఈ రోజుల్లో లేనివాడెవడు!"

"మందులు వేసుకుంటున్నారా?"

ఆయన ఓరగా పెళ్ళాం వైపు చూశాడు. "గుర్తొచ్చినప్పుడు వేసుకుంటానండీ."

"గుర్తు రావడం కూడా పండక్కో పబ్బానికోనండీ" అంది సూదక్క.

డాక్టరమ్మ చిన్న దూది పింజ తీసుకుని ఆయన పాదం మీద అక్కడక్కడా ఆనిస్తూ, "తగిలినప్పుడల్లా చెప్పండి" అంది. ఆయన ఠంచనుగా చెప్పాడు. బొటనవేలు అన్నాడు, అంచు అన్నాడు, మడమ అన్నాడు. ఒక్కటీ తప్పలేదు. సూదక్క ఊపిరి పీల్చుకోబోయి మొగుడి కళ్ళు చూసింది. దూది ఎటు వెళ్తే ఆ కళ్ళు అటు వెళ్తున్నాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, ఈ పిల్లి కళ్ళు తెరుచుకునే తాగుతోంది. ఆవిడ కుర్చీ వెనక్కి వెళ్ళి, రెండు చేతులతో ఆయన కళ్ళు మూసేసింది.

"ఇదేం ఆటే?"

"ఆటే అనుకో. డాక్టరమ్మకి జవాబు చెప్పు."

"ఇప్పుడు తగులుతోందా?" అంది డాక్టరమ్మ.

"ఆఁ. బొటనవేలు."

"ఇప్పుడు?"

"చిటికెన వేలు కదూ?"

డాక్టరమ్మ దూది ఎప్పుడో పళ్ళెంలో పెట్టేసింది. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. తలెత్తి సూదక్క వైపు చూసింది. సూదక్క వేళ్ళ సందుల్లో మొగుడి రెప్పలు కొట్టుకుంటున్నాయి. చేతులు తీస్తే తనకి ఏడుపు వస్తుందని ఆవిడ ఇంకాసేపు అలాగే పట్టుకుంది.

"నిలబడండి" అంది డాక్టరమ్మ. "రెండు పాదాలూ దగ్గరగా పెట్టండి. చేతులు పక్కన. ఇప్పుడు కళ్ళు మూసుకోండి."

"నిలబడ్డం నా వృత్తండీ" అన్నాడు గెడమాస్టరు ఛాతీ విరిచి. కళ్ళు మూసుకున్నాడు. ముందు చీలమండలు వణికాయి. తర్వాత మోకాళ్ళు. పళ్ళు బిగించాడు, మెడ నరాలు తేలాయి, మొహం ఎర్రబడింది. అంతే, మనిషి మనిషంతా పక్కకి ఒరిగిపోయాడు. ఇద్దరాడవాళ్ళూ చెరో రెక్కా పట్టుకోకపోతే బల్లకి తల కొట్టుకునేవాడే. గెడనీ గెడ మీద మనిషినీ మోసే మహానుభావుడు, వట్టి చేతులతో వట్టి నేల మీద నిలబడలేకపోయాడు.

"మీరేం పని చేస్తారు?" అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

"బరువులు మోస్తానండీ" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఆ బరువు మా అమ్మాయండీ" అంది సూదక్క. చెప్పేసింది. గెడ సంగతి, కొస సంగతి, వల లేని సంగతి అంతా గడగడా చెప్పేసింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "పాదాలు ఊరికే మోయవండీ. క్షణక్షణం పైకి కబురు పంపుతుంటాయి. ఇక్కడ పల్లముంది, బరువు మడమ మీదికి పోతోంది, వేళ్ళ మీదికి తీసుకో అని. ఆ కబురు మోసే నరాలు షుగరుకి చెడిపోయాయి. ఇన్నాళ్ళూ ఆ పని మీ కళ్ళు చేసిపెడుతున్నాయి. చీకట్లోనో, మొహానికి సబ్బు రాసుకున్నప్పుడో ఎప్పుడైనా తూలారా?"

"లేదండీ" అన్నాడాయన.

"పడ్డాడండీ. సబ్బు జారిందన్నాడు" అంది సూదక్క.

"కానీ డాక్టరమ్మా, ఎండాకాలంలో అరికాళ్ళు భగభగా మండిపోయేవి. రాత్రుళ్ళు దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ణి. ఆ మంటలన్నీ ఆగిపోయాయి. ఆగాయంటే బాగుపడ్డట్టే కదండీ?"

"మంట తెలిపేది కూడా నరమేనండీ. ఆ నరమే చచ్చిపోతే మంటెవరు తెలుపుతారు?"

ఇంతకాలం పండగ చేసుకున్నది తన కాళ్ళ చావుకని ఆ మనిషికి అప్పుడు తెలిసింది.

షుగరు అదుపులో పెడితే ఉన్న నరాలైనా నిలబడతాయంది డాక్టరమ్మ. పోయినవి తిరిగొస్తాయని తను అబద్ధం చెప్పనంది. రోజూ పాదాలు చూసుకోవాలి, గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డం సాధన చెయ్యాలి, చెప్పులు లేకుండా తిరగొద్దు. "నడుస్తారు, తిరుగుతారు, హాయిగా బతుకుతారు. కానీ మెడ పైకెత్తి చూస్తూ మనిషిని మోయడం మాత్రం వద్దు. ఇవాళ నుంచే వద్దు."

మధ్యాహ్నం దాటాక తిరిగొస్తున్న దార్లో ఆయన ఒక్క జోకు కూడా వెయ్యలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, పెళ్ళాం జబ్బ పట్టుకుని నడిచాడు. వీధి మలుపులో సర్కస్ బోర్డు వచ్చింది. దాని మీద గెడ, గెడ కొసన పిట్ట, కింద మీసాలు తిప్పి నిలబడ్డ తను. అది చూసి ఆగిపోయాడు.

"పిట్టకి చెప్పకే" అన్నాడు.

"చెప్పక దాచిపెట్టమంటావా? ఏం చూసుకుని?"

"నేను కింద లేకపోతే దాన్ని ఇంకెవడి భుజమో ఎక్కిస్తారు. వాడు నిన్నగాక మొన్న వచ్చినవాడై ఉంటాడు. వాడి కాళ్ళు మంచివే కావచ్చు, కానీ వాడికది కూతురు కాదు కదే!"

"ఎవడి భుజమూ వద్దు. కుట్టుపని నేర్పిస్తాను."

"మరి నాకేం నేర్పిస్తావు?" అన్నాడు. "టిక్కెట్లు చింపే పనా? చిన్నప్పట్నుంచి నాకు తెలిసిందల్లా కాలు నేలకి ఆనించి నిలబడ్డం. అదీ రాదంటోంది ఆవిడ. ఇంక నేనెందుకే?"

సూదక్కకి ఆ మనిషి మీద ఎంత కోపమొచ్చిందో అంత జాలీ వేసింది. ఆయన భుజం మీద గెడ ఆనీ ఆనీ కాయ కాసిన చోటు చొక్కా మీంచే తెలుస్తుంది. దాని మీద చెయ్యి వేసి, "పద, ఆట వేళవుతోంది" అంది. అలవాటుగా వచ్చిన ఆ మాటకి నాలిక కరుచుకుంది.

బట్టల డేరాలో పిట్ట ఇస్త్రీ చేస్తోంది. ఇరవై దాటిన పిల్ల, పిడికెడు మనిషి, మాట మాత్రం బారెడు. "సూది పోయింది, మనుషులూ పోయారనుకున్నాను. ఎక్కడికెళ్ళారు ఇద్దరూ, పెళ్ళిచూపులకా?" అంది. తల్లి మొహం చూసి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"పిట్టా, ఇవాళ్టి నుంచి గెడ లేదు" అంది సూదక్క.

"ఒసేయ్!" అని అరిచాడు మొగుడు. ఆవిడ ఆగలేదు. ఆగితే మళ్ళీ నోరు రాదని భయం. దూది సంగతి చెప్పింది, కళ్ళు మూసుకుంటే పడ్డ సంగతి చెప్పింది. చెప్పినంతసేపూ ఆయన చెవులు మూసుకుని బట్టల పెట్టె మీద కూర్చున్నాడు. పిట్ట ఏడుస్తుందని, లేకపోతే నమ్మనంటుందని సూదక్క అనుకుంది. రెండూ కాలేదు.

"నాకు తెలుసమ్మా" అంది పిట్ట.

"ఏం తెలుసే?"

"నాన్న కాళ్ళు ఆలస్యంగా జవాబిస్తున్నాయని. వానలు మొదలైన దగ్గర్నుంచీ తెలుసు."

"ఆలస్యమైతే గెడ ఎలా నిలబడుతోందే మరి?"

పిట్ట తండ్రి వైపు చూసింది, తల దించుకుంది. "నేను సర్దుతున్నాను."

డేరాలో చప్పుడు లేదు. బయటి నుంచి మైకు ఒకటే జనాన్ని రమ్మని పిలుస్తోంది.

ఆ ఒక్క ముక్కకి అంత నిశ్శబ్దం ఎందుకో చెప్పాలి. గెడ ఆటకి పెద్ద చదువేమీ లేదు, ఒకటే నీతి. కింద ఉన్నవాడు సర్దాలి, పైన ఉన్న మనిషి రాయిలా ఉండాలి. గెడ కుడికి వాలితే కిందివాడు కుడికి జరిగి దాని కిందికి వెళ్తాడు. అదే క్షణంలో పైమనిషి కూడా భయపడి ఎడమకి ఒరిగిందా, గెడ అటు విసురుకుపోతుంది. ఒకే పిల్లాణ్ణి ఇద్దరూ ఒక్కసారే లాగినట్టు, ఇద్దరి సర్దుబాటూ కలిసి ఇద్దర్నీ చంపుతుంది. సూదక్క తన రోజుల్లో కొసన ఉండగా తుమ్మొస్తే మింగేది. జోరీగ చెవిలో దూరితే దాని సంగీతం దిగేదాకా విన్నది. అలాంటి ఇంట పుట్టిన పిల్ల కదిలానంటోంది.

"గెడ మీద కదిలావా?" గెడమాస్టరు లేచాడు. "నా గెడ మీద?"

"కొంచెమే నాన్నా. నడుం మాత్రం. నువ్వు కుడికి రావడం ఆలస్యమైతే నేను ఎడమకి తీసుకుంటాను. నువ్వు వచ్చేశాక మళ్ళీ వదిలేస్తాను. చూసేవాళ్ళకి తెలియదు. నీకూ తెలియకూడదనే..."

"కొట్టేస్తాను!" చెయ్యెత్తాడు. ఎత్తిన చేతి విసురుకే ముందుకి తూలాడు. పిట్టే ఎదురొచ్చి పట్టుకుంది. ఆ పట్టుకోవడం ఎంత అలవాటుగా ఉందో సూదక్క చూసింది. కళ్ళారా చూసింది.

"అంటే ఇన్నాళ్ళూ నేను నిన్ను మోయడం లేదు" అన్నాడాయన కూతురి భుజం మీద తలవాల్చి. "నువ్వు నన్ను మోస్తున్నావు."

"అదేం కాదు నాన్నా."

"అంతే. అంతే." పెట్టె మీద కూలబడ్డాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. గెడమాస్టరు ఏడవడం ఆ ఇద్దరూ ఎన్నడూ చూడలేదు. సూదక్క ఆయన వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

కాసేపటికి ఆ ఏడుపు ఆగింది. ఆయన తలెత్తాడు. కళ్ళు తడిగానే ఉన్నాయి గానీ వాటిలో ఒక కొత్త వెలుగు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే అదే పడవ.

"ఉండు, ఉండు" అన్నాడు. "వానలప్పట్నుంచి కదులుతున్నావు కదూ?"

"అవును."

"నాకు తడబాటు ఎక్కువైందీ వానలప్పట్నుంచే! ఇంకా అర్థం కాలేదే మీకు? నా కాళ్ళు కాదు! ఇది పైన కదలబట్టి నాకు కింద లెక్క తప్పుతోంది! నేను కుడికి వెళ్దామనుకునేలోపు గెడ ఎడమకి పోతే ఏ కాలు జవాబు చెప్తుంది? జబ్బు నాది కాదు, దీని నడుముది! ఇది రాయిలా ఉంటే నేను మళ్ళీ మామూలే!"

"మతి పోయిందా నీకు?" సూదక్క అరిచింది. "పొద్దున డాక్టరమ్మ గదిలో నీ భుజం మీద ఏ గెడ ఉందయ్యా? ఏ పిట్ట కదిలిందని పడ్డావక్కడ? ముందు తడబడ్డావు కాబట్టి అది సర్దింది. అంతేగానీ అది సర్దడం వల్ల నువ్వు తడబడ్డం కాదు!"

"కాలి నొప్పితో తూలాను."

"నొప్పే లేదన్నావు కదయ్యా!"

మొండివాడు రాజు కంటే బలవంతుడు. ఆయన వినడం మానేశాడు. సరే, ఆయన సంగతి అలా ఉంచండి, సూదక్క గుండె గుభేలుమన్నది పిట్ట మొహం చూసి. ఆ మొహంలో సంతోషం! తప్పు తనదేనని ఎవరైనా అంటే ఎవరికి సంతోషం? ఈ పిల్లకి. నాన్న కాళ్ళు చచ్చిపోయాయనే మాట కంటే తను చెడ్డదాన్నన్న మాటే దానికి తేలిగ్గా ఉంది.

"నిజంగా నా వల్లేనా నాన్నా?"

"నీ వల్లేనే పిచ్చిదానా!"

"కాదు" అంది సూదక్క. "పిట్టా, ఇటు చూడు. మీ నాన్న అన్నది నిజం కాదు. కానీ నువ్వు చేసింది మాత్రం చావుతో చెలగాటం. ఇన్నాళ్ళూ అదృష్టం నీవైపుంది. రేపు ఇంకెప్పుడైనా, ఎవరి భుజమైనా ఎక్కావే అనుకో, ఈ పాడు అలవాటు నిన్ను బతకనివ్వదు. ఇంకెప్పుడూ గెడ మీద కదలనని నా మీద ఒట్టెయ్యి."

ఎందుకంత పట్టుబట్టిందంటే ఏం చెప్పను? ఆ మాట అన్నది తల్లి కాదు, గెడ కొసన బతికి బయటపడ్డ మనిషి. ఆవిడ ఒంట్లో ఇంకిపోయిన నీతి ఆవిడ నోటి నుంచి వచ్చేసింది. పిట్ట దగ్గరికొచ్చి తల్లి నెత్తిన చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి ఇస్త్రీ వేడికి ఇంకా వెచ్చగా ఉంది.

"రాయిలా ఉంటాను. నీ మీద ఒట్టు."

గెడమాస్టరు ఆ ఒట్టు విన్నాడు. ఏమీ అనలేదు. అలా ఏమీ అనకపోవడమే సూదక్క పట్టించుకుని ఉండాల్సింది. కానీ ఆవిడ బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది, ఆట ఆపించాలి. "ఇద్దరూ ఇక్కడే ఉండండి. పెద్దాయనతో చెప్పొస్తాను" అని బయటపడింది.

పెద్దాయనంటే కంపెనీ యజమాని. ఆయన్ని పట్టుకోవడం ఆట వేళ మాటలు కాదు. వెనక డేరాలో లేడు. గుర్రాల దగ్గర లేడు. లోపల ఆట అప్పటికే మొదలైపోయింది, జోకర్లు రింగులో పల్టీలు కొడుతున్నారు, జనం పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వులు సూదక్క చెవిలో ములుకుల్లా గుచ్చుకున్నాయి. చివరికి ముందు గేటు దగ్గర దొరికాడు, ఆలస్యంగా వచ్చిన వాళ్ళతో తగువాడుతున్నాడు.

"ఇవాళ గెడ ఆట వద్దు" అంది రొప్పుతూ.

"ఏంటి సూదక్కా, బోర్డు మీద బొమ్మే అది! జనం కుర్చీలు విరగ్గొడతారు."

"కుర్చీలు విరిగితే మళ్ళీ కొనుక్కోవచ్చు పెద్దాయనా. ఆయనకి కాళ్ళల్లో స్పర్శ పోయింది. నేల తెలియడం లేదు. కళ్ళు మూస్తే నిలబడలేడు. నా కళ్ళతో చూశాను."

ఆయనది నోటి దురుసేగానీ మనిషి రాయి కాదు. గెడమాస్టరుతో కలిసి ఊళ్ళూ వానలూ చూసినవాడు. "నిజమా?" అన్నాడు. సూదక్క తలూపింది. "మరి ఇన్నాళ్ళూ..." అని ఆపేసి, "సరే, ఇవాళే కాదు, ఇంక గెడే లేదు. మైకులో నేను చెప్పుకుంటాను, తిడితే నన్ను తిడతారు. నువ్వెళ్ళి వాణ్ణి పడుకోబెట్టు" అన్నాడు.

సూదక్క గేటు కర్రకి ఆనుకుని రెండు చేతులూ జోడించింది. గండం గట్టెక్కిందనుకుంది. రేపటి బతుకు రేపు చూసుకోవచ్చు, పిల్ల నేల మీద ఉంటే అదే చాలనుకుంది.

అప్పుడు లోపల్నుంచి ధన్ మని చప్పుడైంది.

మీకూ నాకూ అదొక చప్పుడు. సూదక్కకి అది గెడ. కంపెనీలో మిగతా ఆటలన్నింటికీ పెద్దాయన ఈల వేస్తేనే బాజా మొదలవుతుంది. గెడ ఆటకి మాత్రం ఆయన ఈల అక్కర్లేదు. గెడమాస్టరు తన గెడ అడుగుని నేలకేసి ఒక్క పోటు పొడిస్తే చాలు, ఎవరి అనుమతీ అడక్కుండా బాజా మేస్త్రి వాయించెయ్యాలి. కింద కాళ్ళు కుదిరాయో లేదో తెలిసేది ఆ మోసేవాడికొక్కడికే కాబట్టి, మొదలుపెట్టే హక్కు అతనికే ఇచ్చారు పెద్దవాళ్ళు. ఆ హక్కే ఇవాళ యముడైంది. పోటు పడింది, బాజా మోగింది.

"ఆపండి!" పెద్దాయన అరిచాడు. సూదక్క అప్పటికే పరిగెత్తుతోంది. గుర్రాల పక్క నుంచి, తాళ్ళ మీంచి, తెర వెనక నిలబడ్డ జోకర్లని తోసుకుంటూ పరిగెత్తింది. తెర తీసింది.

పిట్ట అప్పటికే కొసన ఉంది. డేరా కప్పుకి అంత దగ్గరలో, చేతులు రెండూ చాపి, పొట్ట మీద పడుకుని ఉంది. జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. కింద గెడమాస్టరు. కట్టు కట్టిన మడమతో, మెడ వెనక్కి విరిచి, చూపంతా కొస మీద నిలిపి అడుగు వేశాడు. అడుగు నేలకి ఆనిందో లేదో ఆ పాదానికి తెలియలేదు. తడిమి తడిమి రెండోసారి ఆనించాడు. ఆలోపే గెడ కుడికి వాలింది. ఆయన కుడికి జరిగాడు. ఆలస్యంగా జరిగాడు. వాలు ఇంకాస్త పెరిగింది.

ఇక్కడే, ఈ క్షణంలోనే పిట్ట నడుం ఎడమకి రావాలి. రాలేదు. పిట్ట కదల్లేదు. పెదాలు బిగించి, కళ్ళు తెరిచి, వాలిపోతున్న గెడ కొసన వాలిపోతూ అలాగే ఉంది. భయమేస్తోంది దానికి, తల్లికి కనబడుతోంది, అయినా కదలదు. ఒట్టు పెట్టుకుంది. తల్లి నెత్తిన చెయ్యి పెట్టి పెట్టుకుంది.

"దేవుడా, నా నోటితోనే" అనుకుంది సూదక్క.

గెడ ఇంకొంచెం వాలింది. జనంలో ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. ఇంకో అడుగు వేశాడు, అదీ తడబడింది. ఆపమని అరిస్తే లాభం లేదు, వాలిన గెడని ఎవడూ ఆపలేడు. సూదక్క రింగులోకి పరిగెత్తింది. ఈ వృత్తి పుట్టిన దగ్గర్నుంచి కింద నిలబడ్డ వాళ్ళు పైవాళ్ళకి అరిచి చెప్పింది ఒకటే మాట, కదలకు అని. గొంతు చించుకుని ఆవిడ దానికి సరిగ్గా ఎదురు మాట అరిచింది.

"పిట్టా! కదులూ! కదలవే! నీ ఒట్టు వదిలేశాను, కదులూ!"

బాజా మోతలో, కేకల్లో ఆ మాట పైదాకా వెళ్ళిందో లేదో తెలియదు. కింద ఉన్న మనిషికి మాత్రం వినబడింది. తన గెడ కింద నిలబడి కదలమని అరుస్తున్నది తన పెళ్ళాం గొంతని ఆయన పోల్చుకున్నాడు.

గెడమాస్టరు, గెడని నిలబెడుతున్న ఆ ఒక్క చూపునీ కొస మీంచి తీసి, ఆవిడ వైపు తిరిగాడు.